అడగందే

మా ఆయన పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ దారి అడిగిన మనిషి కాదు. ఒకసారి కోనసీమలో పెళ్ళికి బయల్దేరి, కాలవ గట్టున ఒకే రావిచెట్టు చుట్టూ కారు మూడుసార్లు తిప్పారు. చెట్టు కింద అరుగు మీద కూర్చున్న ముసలాయన ఇక చూడలేక లేచి నిలబడ్డాడు. "పెళ్ళివారిల్లయితే ఎడంపక్క సందు బాబూ" అని అడక్కుండానే చెప్పాడు. ఈయన అద్దం కూడా దించకుండా తలూపి పోనిచ్చారు. ముహూర్తం దాటిపోయింది గానీ పరువు దక్కింది.

నేను దీనికి పూర్తిగా ఎదురనుకునేదాన్ని. రాజమండ్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. అందులో చాలా ఏళ్ళు 197 బల్ల దగ్గరే. నంబర్లు తెలియనివాళ్ళందరికీ దిక్కు ఆ బల్లే. ఫలానా లారీ ఆఫీసు, ఫలానా బియ్యం కొట్టు, ఫలానా డాక్టరుగారు. పేరు కూడా తెలియనివాళ్ళు "అదేనమ్మా, గోదావరి గట్టు మీద పళ్ళ డాక్టరు" అనేవారు. విసుక్కోకుండా వెతికి చెప్పేదాన్ని. అంతమందికి చెప్పాను కాబట్టి అడగడం గురించి నాకంతా తెలుసని అనుకున్నాను. చెప్పే కుర్చీలోంచి చూస్తే అడిగేవాడి గొంతు వినపడుతుందే గానీ మొహం కనపడదు. ఆ మొహం ఎలా ఉంటుందో తెలియడానికి నాకు అరవై ఒకటో ఏడు రావాల్సి వచ్చింది. జపాన్ దాకా పోవాల్సి వచ్చింది.

దానికి ముందు 2019 మే నెలలో ఇద్దరం కలిసి యూరప్ వెళ్ళాం. పన్నెండు రోజులు, ఆరు దేశాలు, నలభై నాలుగు మంది, ఒక బస్సు. ఆ ఆరులో వాటికన్ ఒకటి, మేం గంటన్నర ఆగిన లీష్టెన్‌స్టైన్ ఒకటి. రెండూ దేశాలే, కాదనడానికి లేదు. కరపత్రం అచ్చువేసినవాళ్ళు అబద్ధమాడలేదు. గ్రూప్ టూరే కావాలని మా ఆయన పట్టుబట్టడానికి కారణం చవక కాదు, భయం కాదు. అందులో ఎవరినీ ఏదీ అడగక్కర్లేదు. అంతే.

టూర్ మేనేజర్ ముంబయి కుర్రాడు. మడిచిన ఎర్ర గొడుగు పైకెత్తి పట్టుకుని ముందు నడిచేవాడు. రోజూ రాత్రి భోజనాల దగ్గర "రేపు ఆరు, ఏడు, ఎనిమిది" అని ప్రకటించేవాడు. ఆరింటికి హోటల్ ఫోను మోగి నిద్ర లేపుతుంది, ఏడింటికి ఫలహారం, ఎనిమిదింటికి బస్సు కదులుతుంది. కొన్నిరోజులు "అయిదు, ఆరు, ఏడు" అనేవాడు. అప్పుడు నలభై నాలుగు మందీ ఒక్కసారే నిట్టూర్చేవాళ్ళం. బస్సెక్కగానే తలలు లెక్కపెట్టేవాడు. నాలుగో రోజుకి లెక్క మేమే చెప్పేసేవాళ్ళం. "ఆదిలాబాద్ బావగారు రాలేదు", "పూణే అక్కయ్యగారు బాత్రూమ్‌లో ఉన్నారు" అని.

ఆ కరపత్రం భాష వేరు. అది తెలియక మొదట మోసపోయామనుకున్నాం, తర్వాత నేర్చుకున్నాం. "ఫోటో స్టాప్" అంటే దిగి, బయట నిలబడి ఫోటో తీసుకుని ఎక్కాలి. లోపలికి పోయేది కాదు. "పనోరమిక్ టూర్" అంటే దిగేది కూడా లేదు, అద్దంలోంచి చూడాలి. అలా రోమ్ నగరంలో సగం నాకు బస్సు అద్దం మీద ఎవరిదో నూనె తల మరకతో సహా గుర్తుంది. టిట్లిస్ కొండ మీద మంచులో షారుఖ్ ఖాన్, కాజోల్‌ల అట్టబొమ్మ నిలబెట్టి ఉంది. 1995లో వచ్చిన సినిమా ఇంకా అక్కడ ఆడుతూనే ఉన్నట్టుంది. దాని పక్కన ఫోటోకి మావాళ్ళు కట్టిన వరస ముందు ఆల్ప్స్ పర్వతాలు చిన్నబోయాయి. సరిహద్దుల దగ్గర ఎవరూ ఆపలేదు. 1985లో లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే పల్లె దగ్గర మొదలైన ఒప్పందం పుణ్యమా అని నేను ఆస్ట్రియాలో కళ్ళు మూసుకుని ఇటలీలో తెరిచాను.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది బస్సు డ్రైవరు. పోలండ్ మనిషి. నాలుగున్నర గంటలు నడిపాడంటే నలభై అయిదు నిమిషాలు ఆపి తీరాలి. అక్కడి చట్టం అది. బండిలో ఒక యంత్రం అన్నీ రాసుకుంటూ ఉంటుంది. మాలో ఒకాయన "ఇంకో పావుగంట పోనియ్యవయ్యా, ఊరొచ్చేస్తుంది" అని బతిమాలితే, అతను నవ్వి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. యూరప్‌లో నేను చూసిన గొప్ప కట్టడాల్లో ఆ జేబు ఒకటి.

ఎగతాళి చేస్తున్నానని అనుకోకండి. పారిస్ హోటల్లో బాత్రూమ్‌లో జారి, మాతో వచ్చిన ఒక పెద్దావిడ మణికట్టు విరిగింది. డెబ్భై ఏళ్ళ మనిషి, ఒక్కతే వచ్చింది. మేనేజర్ రాత్రంతా ఆసుపత్రిలో ఆవిడ పక్కనే కూర్చున్నాడు. మర్నాడు బస్సు రెండు గంటలు ఆలస్యంగా కదిలితే, పావుగంటకే గొణిగే మావాళ్ళలో ఒక్కరూ కిక్కురుమనలేదు. తర్వాత ఆవిడ కంచంలో రొట్టె ఎవరో ఒకరు తుంచిపెట్టారు. ఆవిడ జడ మిగిలిన అన్ని రోజులూ ఎవరో ఒకరు వేశారు. ఒక పూట నేనూ వేశాను. పారిస్ ఈఫిల్ టవర్ ఎత్తు 324 మీటర్లని అప్పుడు బట్టీపట్టాను గానీ, ఇప్పుడు వేళ్ళకి గుర్తున్నది ఆ పలచటి తెల్లజడే.

అలా ఆరు దేశాల్లో నేను తెలుసుకున్నది ఆదిలాబాద్ గురించీ, పూణే గురించీ. అక్కడి మనుషులతో నేను మాట్లాడిన సందర్భాలు లెక్కపెడితే మూడే తేలాయి. ఒకటి డ్రైవరు. రెండు గడియారాల కొట్టు పిల్ల. మూడోది లూసర్న్ ముసలమ్మ. ఆవిడ కథ వేరే చెప్పాలి.

స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో కొండరాతిలో చెక్కిన సింహం ఉంది. వీపులో విరిగిన బల్లెంతో చచ్చిపోతూ ఉంటుంది. 1792లో పారిస్‌లో రాజుగారి కోటకి కాపలా కాస్తూ చచ్చిపోయిన స్విస్ సైనికుల గుర్తుగా 1821లో చెక్కారు. మాకది ఫోటో స్టాప్. పది నిమిషాలు. ఆ సింహం మొహంలో ఏముందో గానీ నేను కదల్లేకపోయాను. వెనక్కి తిరిగేసరికి ఎర్ర గొడుగు లేదు.

మొదట వచ్చింది భయం కాదు, సిగ్గు. ముప్ఫై ఏళ్ళు ఊరందరికీ నంబర్లు చెప్పినదాన్ని, నోరు తెరిచి ఒక్క మనిషిని "బస్సులాగే చోటెక్కడ?" అని అడగడానికి నాలుగు సార్లు గొంతు సవరించుకున్నాను. అయిదోసారి ఎదురైంది ఆ ముసలమ్మ, చేతిలో కూరల సంచితో. ఆవిడకి ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. చెప్పి ఊరుకోలేదు, రమ్మని వెంటబెట్టుకుని నడిచింది. సంచిలోంచి ఎర్రటి కాడలు బయటికి కనపడుతున్నాయి. అచ్చం ముదురు గోంగూర కాడలు. ఏమిటవి అంటే రూబర్బ్ అంది. మొహం వికారంగా పెట్టి, పెదాలు ముడిచి, పుల్లగా ఉంటుందని నటించి చూపించింది. పంచదార వేసి వండుతుందట. మేం ఉప్పూ కారం వేస్తామని నేనూ నటించాను. ఇద్దరం నవ్వుకుంటూ నది మీది పాత చెక్క వంతెన దాకా వచ్చాం. 1993లో అది కాలిపోయిన రాత్రి తను చూసిందట. అది చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారింది.

బస్సు దగ్గర నలభై మూడు మంది ఎదురుచూస్తున్నారు. ఆలస్యమైతే మైకులో పాట పాడాలని మా బస్సులో శిక్ష. పాడాను. రాత్రి గదిలో మా ఆయన ఒక్కటే ప్రశ్న వేశారు. "ఆవిణ్ణి ఏమని అడిగావు?" ఎక్కడికి పోయావని కాదు, ఎందుకు పోయావని కాదు. ఏమని అడిగావు!

*

ఆ ఏడాది సెప్టెంబర్లో బ్రిటన్‌లో థామస్ కుక్ కంపెనీ దివాలా తీసిందని పేపర్లో చదివాను. ఎందుకో మనసుకి కష్టంగా అనిపించింది. కుక్ మొదట చెక్కపని చేసుకునే మతబోధకుడు. తాగుడు మాన్పించే సభకి జనాన్ని తీసుకుపోదామని 1841 జూలై 5న లెస్టర్ నుంచి లఫ్‌బరో దాకా మనిషికి ఒక షిల్లింగు చొప్పున, సుమారు అయిదు వందల మందిని రైలెక్కించాడు. గ్రూప్ టూర్లకి అది బారసాల లాంటిది. అంతకు ముందు ఊళ్ళు చూడటానికి ఊరు దాటడమనేది నౌకర్లున్న దొరల పని. 1863లో కుక్ మొదటిసారి ఒక జట్టుని స్విట్జర్లాండ్ తీసుకువెళ్ళినప్పుడు అందులో జెమీమా మోరెల్ అనే ఆమె ఉంది. పెళ్ళికాని మనిషి. నేలకి జీరాడే గౌనుతో కంచరగాడిదల మీద, కాలినడకన కొండలెక్కి, డైరీ రాసుకుంది. లూసర్న్ కూడా వెళ్ళింది. ఆ గొడుగే లేకపోతే ఆ రోజుల్లో ఆవిణ్ణి గడప దాటనిచ్చేవాళ్ళెవరు?

మన సంగతి చూసినా అంతే. తెలుగులో యాత్రాచరిత్ర అనగానే గుర్తొచ్చే ఏనుగుల వీరాస్వామి గారు 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. వెంట దాదాపు వంద మంది. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది అని పూటపూటకీ రాసిపెట్టారు. అందుకే ఆయన్ని తలచుకున్నప్పుడల్లా చేతిలో ఎర్ర గొడుగు కనపడుతుంది నాకు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఆయన ఉద్యోగం దుబాసీ. ఒకరి మాట ఇంకొకరికి అందించడం. ఒక విధంగా మా ఎక్స్ఛేంజి పనే.

కాబట్టి గుంపుని చిన్నచూపు చూడటానికి నాకు నోరు రాదు. అయినా ఆ లూసర్న్ నలభై నిమిషాలు మాత్రం లోపల ఎక్కడో ఊరుతూనే ఉన్నాయి.

*

2024లో జపాన్ వెళతానన్నాను, ఒక్కదాన్నే. మా ఆయన "ఆ పచ్చిచేపల దేశానికి నేను రాను, నువ్వెళ్ళొద్దనను" అన్నారు. అలా అన్న మర్నాటి నుంచి కందిపొడి, కరివేపాకు పొడి, పప్పుల పొడి దగ్గరుండి కొట్టించారు. హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయి టికెట్లు కొన్నాడు. ఫోన్లో మ్యాపు ఎలా చూడాలో నేర్పాడు. "ఈ నీలంచుక్క నువ్వే అమ్మా. అది ఎటు పోతే అటు పో. ఎవర్నీ అడగాల్సిన పనే లేదు" అన్నాడు. తండ్రికి తగ్గ కొడుకు.

స్వతంత్రంగా తిరగబోతున్నానన్న నా సంబరం వీసా కాగితాల దగ్గరే సగం దిగింది. ఏ తేదీన ఏ ఊళ్ళో ఉంటాను, ఏ హోటల్లో పడుకుంటాను, దాని ఫోన్ నంబరేమిటి, రోజువారీగా రాసిమ్మన్నారు. రాసిచ్చాక చూసుకుంటే అది అచ్చం టూర్ కంపెనీ కరపత్రం. ఎర్ర గొడుగు ఇప్పుడు నా చేతిలోనే ఉంది. తేడా అంతే.

జూలై ఇరవయ్యో తేదీన క్యోటోలో దిగాను. వానాకాలం అప్పుడే ముగుస్తోంది. ఎండ మన రోహిణికార్తెకి తీసిపోదు. మొదటి రాత్రి చిన్న హోటల్ గదిలో, కొట్లో కొన్న వట్టి అన్నంలో కందిపొడి కలుపుకు తింటూ ఉంటే నాకు నలభై మూడు మందీ గుర్తొచ్చారు. అన్నం తిన్నావా అని అడిగేవాళ్ళు లేరు. ఉదయం ఆరింటికి ఫోను మోగలేదు. నా తల లెక్కపెట్టుకునే పని నాదే అయింది. ఒకటి. సరిపోయింది.

రెండో రోజు నుంచి అడగడం మొదలైంది. అక్కడ సిటీబస్సు వెనక తలుపులోంచి ఎక్కాలి, ముందు తలుపు దగ్గర డబ్బులిచ్చి దిగాలి. ఊళ్ళో చాలా మేర ఎంత దూరమైనా అప్పుడు 230 యెన్లు. చిల్లర సరిగ్గా వెయ్యాలి. తెలియక ముందునుంచి ఎక్కబోయి, దిగేవాళ్ళందరినీ ఆపాను. పులుసు లాంటిది ఏది ముట్టినా ఎండుచేప తురుముతో కాచిన నీళ్ళే. చూడటానికి కూరముక్కలే కనపడతాయి గానీ చేప కనపడదు. "చేప, మాంసం, గుడ్డు, చేపనీళ్ళు కూడా తినను" అని హోటల్ కౌంటర్లో అమ్మాయి చేత జపాన్ భాషలో చీటీ రాయించుకున్నాను. ప్రతి హోటల్ గుమ్మంలో ఆ చీటీ చాపి నిలబడితే, మాధుకరం ఎత్తుకునే బ్రహ్మచారిలా ఉండేది నా వాలకం. కొందరు చదివి, వంటింట్లోకి పోయి, మాట్లాడుకుని, వచ్చి, రెండు చేతులూ అడ్డంగా పెట్టి వంగి క్షమించమనేవారు. ఒకాయన మాత్రం చీటీ రెండుసార్లు చదివి, వేడినీళ్ళలో తోఫు ముక్కలు, ఇంత అన్నం, ఉప్పులో ఊరిన ముల్లంగి పెట్టి, నేను తినేదాకా ఎదురుగా నిలబడ్డాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగితే ఎవరెవరు పెడతారో నాకు అక్కడ తెలిసింది.

నేను నేర్చుకున్న జపాన్ మాట ఒక్కటే, "సుమిమాసెన్". పిలవడానికి అదే, క్షమించమనడానికి అదే, ఒక్కోసారి కృతజ్ఞతకీ అదే. దానికి తెలుగులో సమానమైన మాట ఏమిటా అని ఆలోచిస్తే "ఏవండీ" దొరికింది. ముప్ఫై ఆరేళ్ళుగా ఒకే ఒక్క మనిషిని పిలిచిన ఆ మాటని పది రోజుల్లో క్యోటో అంతా పంచిపెట్టాను.

వీధి మూలల్లో కోబాన్ అని చిన్న పోలీసు గది ఉంటుంది. మన దగ్గర పోలీసు స్టేషన్ మెట్లెక్కి గుడికి దారి అడిగేవాళ్ళెవరైనా ఉంటారా? అక్కడ అడుగుతారు. నేనూ అడిగాను. కుర్ర పోలీసు గోడ మీది మ్యాపు చూపించాడు. కాగితం మీద గీసిచ్చాడు. సరిగ్గా తిరిగానో లేదో చూడటానికి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మలుపు దగ్గర వెనక్కి చూస్తే, చేత్తో కుడి అని సైగ చేశాడు.

ఎవరూ లెక్కపెట్టని సుఖం మాత్రం సంజుసంగెన్-దో గుడిలో అనుభవించాను. 1164లో కట్టి, కాలిపోతే 1266లో మళ్ళీ కట్టిన చెక్క మండపం. పొడవు సుమారు 120 మీటర్లు. లోపల బారులు తీరి 1001 కన్నన్ విగ్రహాలు. మన అవలోకితేశ్వరుడే అక్కడ కన్నన్. ముందు వరసలో ఇరవై ఎనిమిది మంది కాపలా దేవతలు. ఫోటోలు తియ్యనివ్వరు. కాబట్టి అక్కడ ఫోటో స్టాప్ అనే మాటే లేదు. ఆ ఇరవై ఎనిమిదిలో బ్రహ్మ ఉన్నాడు, ఇంద్రుడున్నాడు. ఒక చోట రెక్కలతో, ముక్కుతో ఒకాయన నిలబడి వేణువు ఊదుతున్నాడు. ఎవరా అని చూస్తే కరుర, మన గరుత్మంతుడు! మన గుళ్ళలో ఎప్పుడు చూసినా మోకాలి మీద వంగి చేతులు జోడించి ఉంటాడు పాపం. అంత దూరం ఎగిరివెళ్ళాక ఆయనకి కాస్త తీరిక చిక్కినట్టుంది. గంటకి పైగా అక్కడే కూర్చున్నాను. గొడుగు కోసం వెనక్కి చూడలేదు.

కానీ నాలుగు రోజులయ్యేసరికి ఒక సంగతి అర్థమైంది. నేను మళ్ళీ గ్రూప్ టూర్‌లోనే ఉన్నాను. గుళ్ళో, గుడి బయట, బస్సులో, నా చుట్టూ ఉన్న విదేశీయులందరి చేతిలోనూ అదే మ్యాపు, అదే నీలంచుక్క. అందరం ఎక్కువ చుక్కలు పడ్డ చోట్లకే పోతున్నాం, ఎక్కువమంది మెచ్చుకున్న హోటల్ ముందే వరస కడుతున్నాం. ఎవరితోనూ ఎవరూ మాట్లాడరు. జడ వేసేవాళ్ళూ లేరు. గుంపులో ఉండే కష్టాలన్నీ ఉన్నాయి, తోడు లేదు. మా ముంబయి కుర్రాడు నయం, అలిసిపోతే చెప్పేవాడు. నీలంచుక్కకి అలుపు లేదు.

అయిదో రోజు ఒక గుడికి బయల్దేరాను. చుక్క చెప్పిన స్టాపు పేరు సరిపోయింది, బస్సు నంబరు సరిపోయింది. రోడ్డుకి ఏ పక్క నిలబడాలో మాత్రం చూసుకోలేదు. రెండు పక్కల స్టాపులకీ ఒకటే పేరు. ఎక్కి కూర్చున్నాను. ఊరు పలచబడుతూ వచ్చింది. దుకాణాలు పోయి ఇళ్ళు, ఇళ్ళ మధ్య కూరపాదులు, ఆఖరికి బస్సులు నిలిపే షెడ్డు. డ్రైవరు అద్దంలో నన్ను చూశాడు. నేనే మిగిలాను.

దిగాక ఫోను తీస్తే చుక్క దారి చెప్పేసేదే. తియ్యబోతూ ఆగాను. ఎదురుగా చిన్న తోఫు కొట్టు. దాని ముందు ఎండలో, వెదురు చేటల్లో, ఎర్రటి పళ్ళు ఒకదానికొకటి తగలకుండా ఆరబోసి ఉన్నాయి. ఆ చేటలు, ఆ ఎండ, ఆ పుల్లటి ఉప్పు వాసన. నేను రాజమండ్రిలో మా పుట్టింటి డాబా మీద ఉన్నాను. అమ్మ మాగాయ ముక్కలు ఎండబెట్టి, కాకులు వాలకుండా నన్ను కాపలా కూర్చోబెట్టింది.

"సుమిమాసెన్" అన్నాను. లోపల్నించి నా ఈడు మనిషే వచ్చింది. చేతులు తుడుచుకుంటూ ఎటు పోవాలి అన్నట్టు చూసింది. రోజూ తప్పిపోయినవాళ్ళని చూస్తుంది కాబోలు. నేను దారి అడగలేదు. చేటలు చూపించి, ఏమిటన్నట్టు చెయ్యి తిప్పాను. "ఉమెబొషి" అంది. జూన్‌లో కాయలు కోసి ఉప్పులో ఊరవేస్తారు. ఎర్రటి ఆకు ఒకటి వేస్తే ఆ రంగు వస్తుంది. వానలు వెళ్ళాక ఎండబెడతారు. ఇవన్నీ ఆవిడ నోటితో కాదు, చేతులతో చెప్పింది. కాయ కోసింది, ఉప్పు చల్లింది, బరువు పెట్టింది, ఆకాశం చూపించి వాన కురిపించింది. ఎన్నాళ్ళు ఎండాలని అడగడానికి నేను సూర్యుణ్ణి చూపించి వేళ్ళు లెక్కపెట్టాను. ఆవిడ మూడు వేళ్ళు చూపించింది. "మిక్కా".

మూడు రోజులు. నేనూ మూడు వేళ్ళు ఎత్తాను, నా గుండెల మీద చెయ్యి వేసుకుని. మా దగ్గరా మూడే. మామిడి ముక్కలు ఉప్పులో మూడు రోజులు, తర్వాత ఎండ. అర్థమైందో లేదో తెలీదు గానీ ఆవిడ కళ్ళు పెద్దవి చేసి ఒక పండు నా చేతిలో పెట్టింది. నోట్లో వేసుకుంటే ఉప్పూ పులుపూ కలిసి నషాళానికంటింది. కళ్ళల్లోంచి నీళ్ళొచ్చాయి. పులుపు వల్లే. సంచిలో ఎప్పుడూ ఉంచుకునే కందిపొడి పొట్లం తీసిచ్చాను. వాసన చూసి రెండు తుమ్ములు తుమ్మి, నవ్వి, లోపలికి తీసుకుపోయి దాచుకుంది. వచ్చేటప్పుడు కిందటేటి పళ్ళు చిన్న సీసాలో వేసుకొచ్చింది. తర్వాత కొట్టు వదిలేసి నాతో స్టాపు దాకా నడిచింది. ఈసారి సరైన పక్కకి. బస్సొచ్చాక నేను ఎక్కడ దిగాలో డ్రైవరుకి చెప్పింది. కదిలేదాకా నిలబడింది.

గుడి మూసేశారు. నేను ఆ రోజు చూడాల్సినది ఏదీ చూడలేదు. కాళ్ళు పొక్కులెక్కాయి. రాత్రి మోకాలు వాస్తే మందు రాయడానికి మనిషి లేక అద్దంలో నన్ను నేనే తిట్టుకున్నాను. ఇదంతా దాచి, ఒంటరి ప్రయాణం ఎంత హాయో అని రాస్తే అబద్ధమవుతుంది.

అయితే ఆ రాత్రి ఒక మాట మీద నాకు అనుమానం వచ్చింది. ఇలా తిరగడాన్ని స్వతంత్రంగా తిరగడం అని ఎవరన్నారు? యూరప్‌లో నేను ఆ దేశాలవాళ్ళ మీద దేనికీ ఆధారపడలేదు. డబ్బు కట్టేశాను, వాళ్ళతో నాకు పని లేదు. వాళ్ళ విషయంలో అక్కడే నేను పూర్తి స్వతంత్రురాలిని. ఇక్కడ మాత్రం అన్నానికి, దారికి, బస్సు దిగే చోటికి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ దయ మీద బతికాను. పరాధీనం అంటే ఇదే గదా! గుంపులో మనవాళ్ళ మీద వాలతాం, ఒంటరిగా ఉంటే వాళ్ళ మీద వాలతాం. ఎవరి మీదా వాలని ప్రయాణం ఆ నీలంచుక్కది ఒక్కటే. అందులోనే నాకేమీ మిగల్లేదు.

జపాన్‌వాళ్ళకి ఈ సంగతి ఎప్పుడో తెలుసనుకుంటాను. వెనకటి రోజుల్లో అక్కడి పల్లెజనం నెలనెలా తలా కొంత చందా వేసేవారట. మన చీటీల్లాగే. చీటీ ఎవరికి వస్తే వాళ్ళు ఊరందరి తరఫునా ఇసే క్షేత్రానికి పోయి దణ్ణం పెట్టి వచ్చేవారు. పోయేది కొందరే, పంపేది మాత్రం ఊరంతా. గుంపూ ఉంది, దారిలో పరాయివాళ్ళూ ఉన్నారు. వాళ్ళ సామెత కూడా ఒకటుంది. ప్రయాణానికి తోడు కావాలి, లోకానికి దయ కావాలి అని. ఆ రెండింట్లో ఏది కావాలని వాళ్ళు తగువు పెట్టుకోలేదు. పక్కపక్కనే పెట్టుకున్నారు.

*

ఇంటికొచ్చాక సీసా భోజనాల బల్ల మీద, మాగాయ జాడీ పక్కన పెట్టాను. మా ఆయన అనుమానంగా ఒక పండు తీసి, అన్నంలో నలిపి, నోట్లో పెట్టుకుని, చాలాసేపు ఏమీ అనలేదు.

"కారం వెయ్యడం మర్చిపోయారు" అన్నారు చివరికి. రెండోది తీసుకున్నారు.

కథంతా చెప్పాను. బస్సు, చేటలు, మూడు వేళ్ళు, తుమ్ములు. మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. మూడోది తీసుకుంటూ, "ఇంతకీ ఆ కొట్టు ఎక్కడ?" అన్నారు.

"తెలీదు. పేరు చదవలేను, ఫోటో తీసుకోలేదు. ఏ నంబరు బస్సో కూడా ఇప్పుడు గుర్తులేదు."

సీసాలో ఇంకెన్ని ఉన్నాయో వంగి చూశారు. మూత బిగించారు. కాసేపాగి, నా వైపు చూడకుండా, కంచంలోకి చూస్తూ అన్నారు.

"పోనీలే. అక్కడికెళ్ళాక అడుగుదాం."